పత్రికయు ప్రజాభిప్రాయమును: మన చిత్తూరు సీమ చెప్పు చరిత్ర



ప్రొద్దు పొడిచిన పిమ్మట రచ్చకట్ట దగ్గఱనో, కాఫీ అంగడి బల్లమీదనో ఒక వార్తాపత్రిక చేతులు మాఱుచుండుట మన పల్లెలలో అందఱును చూచినదే. కంటిచూపు తగ్గిన పెద్దలు "ఏమి వ్రాసినారు నాయనా, కొంచెము గట్టిగా చదువు" అందురు. చదువు వచ్చిన పిల్లవాడు చదువును. విన్న పదుగురును తమ తమ మాటలు కలుపుదురు. ఒకడు అవునను, ఒకడు కాదను, ఒకడు నవ్వి ఊరకుండును. సాయంకాలమునకు ఆ మాటలన్నియు కలిసి ఊరి మాట యగును. ఎన్నికల దినమున ఆ ఊరి మాటయే ఓటుగా మాఱును. అట్టి ఊళ్ల మాటలు వేలకొలది కూడి రాజ్యమును నిలుపును, లేదా పడగొట్టును.

ఆ ఊరి మాట ఎవరిది? పత్రికలో వ్రాసినవానిదా? గట్టిగా చదివిన పిల్లవానిదా? విని తల యూపిన పెద్దలదా? ప్రజాప్రభుత్వమున ఇంతకంటె ముఖ్యమైన ప్రశ్న మఱొకటి లేదని నా తలంపు. దీనిని నేను సిద్ధాంతముగా గాక చరిత్రగా మీ ముందుంచ దలచితిని. దూరదేశపు కథలు వెదకనక్కఱలేదు. తిరుపతి, చిత్తూరు, మదనపల్లె, పుత్తూరు ప్రాంతములలో జరిగిన సంగతులే ఇందుకు చాలును. నేడు జిల్లాల హద్దులు మాఱినను, ఆ కాలమున వీనినన్నిటిని కలిపి చిత్తూరు జిల్లా యనిరి. ఆ జిల్లా 1911లో ఏర్పడినది.

మొదట కఱవు మాట చెప్పెదను. మన సీమలో ఏ చరిత్రయైనను కఱవుతోనే ఆరంభించుట న్యాయము.

1876 మొదలు 1878 వఱకు వచ్చిన మహాక్షామమును మన తాతలు ధాత కఱవనిరి. అప్పటికి చిత్తూరు జిల్లా లేదు. మన గ్రామములు కొన్ని ఉత్తరార్కాటులోను, కొన్ని కడపలోను ఉండెను. రెండు జిల్లాలును ఆ కఱవున మలమల మాడినవి. మద్రాసు రాజధానిలో లక్షలకొలది జనులు మడిసిరి. అప్పుడు ప్రజలకు ఓటు లేదు. దొరలు తమంతట తాము కరుణించినగాని గంజి లేదు. ఆ సమయమున మద్రాసులో విలియం డిగ్బీ యను ఆంగ్లేయుడు మద్రాసు టైమ్సు పత్రికకు సంపాదకుడు. అతడు కఱవు సంగతులను ప్రకటించుటయే గాక, సహాయనిధికి కార్యదర్శియై పనిచేసెను. 1877లో మద్రాసునుండి లండను నగరమునకు విజ్ఞాపన పోగా, అచ్చటి సామాన్య జనులు చందాలు వేసి సొమ్ము పంపిరి. రాజు ఎఱుగని సంగతిని పత్రిక ప్రజల కెఱిగించెను. వారు తమ చేతనైనది చేసిరి.

అయితే అదే కాలమున మఱొక సంగతియు జరిగినది. 1878లో లిట్టను ప్రభువు దేశభాషా పత్రికల శాసనమును తెచ్చెను. ఇంగ్లీషు పత్రికలకు ఆ శాసనము వర్తింపదు; వంగము మొదలగు దేశభాషల పత్రికలకే వర్తించును. ఇంగ్లీషు పత్రికను చదువువారు కొలదిమంది; దేశభాషా పత్రికను ఒకడు చదివినచో పదుగురు విందురు. కంచుకోటలు కట్టుకొన్న ప్రభుత్వము రచ్చకట్టకు భయపడినదని దీని యర్థము. అప్పటికే రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1874లో వివేకవర్ధనిని స్థాపించి, లంచగొండి యుద్యోగుల గుట్టు బయట పెట్టుచుండిరి. రిప్పను ప్రభువు కాలమున ఆ శాసనము రద్దయ్యెను గాని, పాలకుల భయము మాత్రము రద్దు కాలేదు.

1943లో వంగదేశమున మఱల ఘోరమైన క్షామము కలిగినది. ఇరువది ముప్పది లక్షల జనులు మరణించిరని లెక్కలు వేసినవారు చెప్పుదురు. అది యుద్ధకాలము. క్షామమను పేరెత్తుటయే ప్రభుత్వమునకు ఇష్టము లేదు. ఆ యేడు ఆగస్టు మాసమున కలకత్తా స్టేట్స్‌మన్ పత్రిక సంపాదకుడు ఇయాన్ స్టీఫెన్సు వీథులలో పడియున్న అన్నార్తుల ఛాయాచిత్రములను ప్రకటించెను. అంతవఱకు దాచిన సంగతి లోకమునకు వెల్లడియైనది. ఎన్నికలును, స్వేచ్ఛగల పత్రికలును ఉన్న దేశమున పెద్ద క్షామము రాదని, 1998లో నోబెలు బహుమానము నందిన అమర్త్య సేనుగారు తరువాత సిద్ధాంతీకరించిరి. వానలు రాకపోవుట దైవాధీనము. కాని కఱవు చావులుగా మాఱుట మనుష్యాధీనము. ఓటడుగ వలసిన నాయకుడు, ఆకటి చావు వార్త అచ్చైన మఱునాడు నిద్రపోజాలడు. రాయలసీమకు స్వాతంత్ర్యానంతరము కఱవులు రాకపోలేదు. 1951, 1952 సంవత్సరములలో గంజికేంద్రములు తెఱచినంత కఱవే వచ్చినది. అయినను ధాత కఱవు మఱల రాలేదు. పత్రిక వలన మనకు కలిగిన మొదటి మేలు ఇది. తక్కిన దోషములు చెప్పునప్పుడు దీనిని మఱవరాదు.

ఇక మదనపల్లె సంగతి.

అనీబిసెంటమ్మగారు 1914లో మద్రాసున న్యూ ఇండియా యను దినపత్రికను ఆరంభించిరి. 1915లో మదనపల్లెలో దివ్యజ్ఞాన కళాశాలను స్థాపించిరి. ఒక చేత పత్రిక, ఒక చేత పాఠశాల. 1916లో హోంరూలు సమాజము నెలకొల్పి స్వపరిపాలన కావలెనని దేశమంతట చాటిరి. 1910 నాటి పత్రికా శాసనము క్రింద ప్రభుత్వము ఆమె పత్రికనుండి జామీను అడిగెను. ఆ సొమ్మును జప్తు చేసెను. మఱల పెద్ద మొత్తము అడిగెను. 1917 జూనులో ఆమెను నిర్బంధించెను. ఫలితమేమి? దేశమంతయు ఆమెవైపు తిరిగినది. సెప్టెంబరులో విడుదల చేయక తప్పలేదు. ఆ సంవత్సరాంతమున ఆమెయే కాంగ్రెసు మహాసభకు అధ్యక్షురాలయ్యెను. మదనపల్లె కళాశాల విద్యార్థులు హోంరూలు ఉద్యమమున చేరినందుకు ఆ కళాశాలకు మద్రాసు విశ్వవిద్యాలయపు గుర్తింపు పోయినది.

ఆ కళాశాలకు ఆచార్యుడుగా వచ్చిన జేమ్సు కజిన్సుగారి కథ మఱొకటి. ఆయన ఐర్లాండు కవి. న్యూ ఇండియా పత్రికలో పనిచేయుచు, 1916లో డబ్లిను నగరమున జరిగిన తిరుగుబాటును ప్రశంసించి వ్రాసెను. అందువలన పత్రికలో ఆయన ఉద్యోగము పోయినది; పిమ్మట మదనపల్లెకు వచ్చెను. 1919లో రవీంద్రనాథ ఠాకూరుగారు ఆయన అతిథిగా మదనపల్లెలో బసచేసి, జనగణమన గీతమును ఇంగ్లీషులోనికి అనువదించిరి. స్వాతంత్ర్యము కొఱకు పోరాడు పత్రికకు కూడ, తన ఉద్యోగి వ్రాసిన వ్రాతను భరింపలేని ఘడియ యొకటి వచ్చినదని గమనింపుడు. ఏ పత్రికయు పూర్తిగా స్వేచ్ఛగలది కాదు. దానిమీద ప్రభుత్వపు చేయి ఉండును, యజమాని చేయి ఉండును, చందాదారుల చేయియు ఉండును. ఏ చేయి ఎప్పుడు బరువెక్కునో చదువరి కనిపెట్టవలెను.

తెలుగు పత్రికల సంగతికి వత్తము. మచిలీపట్టణమున 1902లో కృష్ణాపత్రిక పుట్టినది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రికను వారపత్రికగా నెలకొల్పి, 1914లో మద్రాసున దినపత్రికగా నడపిరి. అమృతాంజనము అమ్మిన సొమ్ముతో పత్రికను పోషించిన మహానుభావు డాయన. ఆంధ్రులకు ప్రత్యేక రాష్ట్రము కావలెనను తలంపు ఇంటింటికిని పోవుటకు ఈ పత్రికలు చేసిన సేవ అంతింతకాదు. అయితే రాయలసీమవారికి ఒక సందేహముండెను: మద్రాసు పెత్తనము పోయి కోస్తా పెత్తనము వచ్చునేమో యని. ఆ సందేహమును తీర్చుటకు 1937 నవంబరు 16వ తేదీన ఉభయ ప్రాంతముల పెద్దలు కూడి ఒడంబడిక వ్రాసికొనిరి. విశ్వవిద్యాలయ కేంద్రము, నీటి వసతులలో ముందు హక్కు, రాజధాని లేక ఉన్నత న్యాయస్థానము, ఇవి అందలి ముఖ్యాంశములు. ఆ పెద్దలు కూడినది మద్రాసున నాగేశ్వరరావు పంతులుగారి గృహమగు శ్రీబాగులో. అందుచేతనే దానికి శ్రీబాగు ఒడంబడిక యని పేరు. పత్రికాధిపతి యిల్లే రెండు సీమలకు రచ్చకట్ట యయ్యెను. పత్రిక చేయదగిన పనులలో ఇది మిక్కిలి మేలైనదని నా యభిప్రాయము: ఒకరి యనుమానమును మఱొకరి యెదుట నిలిపి మాటాడించుట.

1952 అక్టోబరు 19న పొట్టి శ్రీరాములుగారు మద్రాసున నిరాహారదీక్ష పూనిరి. దినదినమును ఆయన ఆరోగ్యస్థితి పత్రికలలో వచ్చుచుండెను. పల్లెలలో జనులు ఆ దినములను లెక్కపెట్టుచుండిరి. డిసెంబరు 15వ తేదీ రాత్రి ఆయన ప్రాణములు విడిచిరి. ఆంధ్రదేశము అట్టుడికినది. నాలుగు దినములలో, డిసెంబరు 19న, నెహ్రూగారు ఆంధ్రరాష్ట్రము నిచ్చెదమని ప్రకటించిరి. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా రాష్ట్రము ఏర్పడెను. 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము వెలసెను. త్యాగము శ్రీరాములుగారిది. కాని ఆ త్యాగము నలుమూలల పల్లెలకు దినదినమును చేరకపోయినచో, ఢిల్లీవారు అంత త్వరగా దిగివచ్చెడివారా?

కథ ఇంతటితో ముగిసినచో బాగుండెడిది. ఇప్పుడు దీనికి రెండవ వైపు చూడవలెను. ఆ వైపు మన చిత్తూరు జిల్లాలోనే ఉన్నది.

రాష్ట్రములు విడిపోవునప్పుడు హద్దు ఎచ్చట గీయవలెను? తెలుగు పత్రికలు చదివినవానికి చిత్తూరు జిల్లా యంతయు తెలుగునేల; పైగా మద్రాసు నగరము కూడ మనదే. తమిళ పత్రికలు చదివినవానికి వేంకటాచలమే తమిళదేశపు ఉత్తరపు హద్దు. ఏలయన ప్రాచీన తమిళ గ్రంథములలో అట్లు చెప్పబడినది. తమిళ పక్షమున మ. పొ. శివజ్ఞానముగారు, తిరుత్తణి ప్రాంతపు ఉపాధ్యాయుడగు మంగళంకిళారుగారు ఉద్యమము నడపిరి. సభలు జరిగినవి, రైళ్లు ఆపిరి, జనులు చెఱకు పోయిరి. ఇరువైపులను ఉన్నవారు దేశభక్తులే. ఇరువైపుల పత్రికలును తమవారి బాధను నిజముగానే వ్రాసినవి. అయినను ఎదుటివాని వాదమును తమ చదువరుల ముందుంచిన పత్రికలు మిక్కిలి తక్కువ. ఆ దినములలో మద్రాసునుండి వచ్చు ఒకే రైలుబండిలో తెలుగు పత్రికల కట్టయు, తమిళ పత్రికల కట్టయు ప్రక్కప్రక్కనే వచ్చెడివి. పుత్తూరు, నగరి, తిరుత్తణి ప్రాంతములలో ఆ రెండు కట్టలును విప్పువారు ఒకే వీథివారు. తండ్రితో ఒక భాష, అంగడివానితో మఱొక భాష మాటాడు జనులు వారు. అట్టి వీథిలో ఎదురెదురు అరుగులమీద రెండు వేర్వేరు సత్యములు చదువబడుచుండెను. ముప్పది నలుబది యేండ్లు వియ్యమందిన కుటుంబముల మధ్య కూడ మాట పట్టింపులు వచ్చినవని ఆ ప్రాంతపు వృద్ధులు నాతో చెప్పిరి.

తుదకు ఆ తగవు తీరినది ఎట్లు? పటాస్కరుగారిని మధ్యవర్తిగా నియమించిరి. ఆయన గ్రామమును ప్రమాణముగా తీసికొని, జనాభా లెక్కలలో ఏ భాషవారు అధికముగా ఉన్నారో, ఆ గ్రామము పొరుగు గ్రామములతో ఆనుకొని ఉన్నదో లేదో చూచి నిర్ణయించెను. 1959లో చట్టమై, 1960 ఏప్రిలు 1వ తేదీన అమలు జరిగినది. తిరుత్తణి తాలూకాయు, పళ్లిపట్టు ప్రాంతమును మద్రాసు రాష్ట్రమునకు పోయినవి. సత్యవేడు ప్రాంతము మనకు వచ్చినది. తిరుపతి మనకే నిలిచినది. సంవత్సరముల తరబడి పెద్దయక్షరములతో సాగిన కలహమును, లెక్కల పుస్తకము ముందు పెట్టుకొని కూర్చున్న యొక పెద్దమనిషి తీర్చెను. ఇందలి నీతి యేమనగా, కోరికను లేవనెత్తుటకు పత్రిక గొప్ప సాధనము. కాని న్యాయమును తూచుటకు త్రాసు వేఱుగా నుండవలెను. ఒక్క పత్రికయే చదివి తీర్పు చెప్పువాడు, వాదిని మాత్రము విని ప్రతివాదిని పిలువని పంచాయతీ పెద్ద వంటివాడు.

పత్రిక నోరు మూసిన కాలము నొకటి చెప్పెదను. 1975 జూను 25న దేశమున అత్యవసర పరిస్థితి ప్రకటింపబడెను. పత్రికలకు ముందు తనిఖీ విధించిరి. ప్రభుత్వమునకు గిట్టని వార్త అచ్చుకాదు. 1977 మార్చిలో ఎన్నికలు జరిగినవి. ఉత్తరదేశమున కాంగ్రెసు పక్షము తుడిచిపెట్టుకొని పోయినది. ప్రధానమంత్రియగు ఇందిరాగాంధిగారే ఓడిరి. మన ఆంధ్రప్రదేశమున 42 లోకసభ స్థానములలో 41 కాంగ్రెసుకే వచ్చినవి. మిగిలిన ఒక్కటి నంద్యాల. అచ్చట నీలం సంజీవరెడ్డిగారు జనతా పక్షమున గెలిచిరి. ఒకే దేశము, ఒకే ఎన్నిక, రెండు తీర్పులు! దీనికి కారణములు పెక్కు చెప్పుదురు. బలవంతపు శస్త్రచికిత్సలు మొదలగు అత్యాచారములు ఉత్తరమున జరిగినంతగా దక్షిణమున జరుగలేదు. అది నిజమే. అయితే ఉత్తరదేశపువానికి ఆ సంగతి తెలియుటకు పత్రిక అక్కఱలేదు. వాని పొరుగింటిలోనే జరిగినది. మన పల్లెవానికి తెలియవలెనన్న పత్రికయే దిక్కు. ఆ పత్రిక కట్టుబడి యుండెను. కంటికి కానవచ్చు సంగతిని తనిఖీ దాచలేదు. కంటికి దూరమైన సంగతిని మాత్రము దాచగలదు. ఇంత పెద్ద దేశమున మనము ఓటువేయు సంగతులలో నూటికి తొంబది కంటికి దూరమైనవే గదా!

1982వ సంవత్సరము మన ప్రాంతమునకు ముఖ్యమైనది. అంతవఱకు మనకు దినపత్రిక మద్రాసునుండియో, మఱొక దూరపు నగరమునుండియో రావలసినదే. ఊరు చేరునప్పటికి ఎండ ముదిరెడిది, వార్తయు వాడెడిది. 1974లో విశాఖపట్టణమున రామోజీరావుగారు స్థాపించిన ఈనాడు పత్రిక, 1982లో తిరుపతిలోనే అచ్చగుట ఆరంభించినది. తెల్లవాఱకమునుపే పల్లె చేరసాగినది. అదే 1982 మార్చి 29న నందమూరి తారకరామారావుగారు తెలుగుదేశము పక్షమును స్థాపించిరి. ఆ పత్రిక కొత్త పక్షమునకు చేయూత నిచ్చినదనుట అందఱెఱిగినదే. 1983 జనవరి ఎన్నికలలో 294 స్థానములకు 200 పైగా ఆ పక్షమునకు లభించినవి. రామారావుగారు నిలిచి గెలిచిన స్థానములలో మన తిరుపతి యొకటి. పత్రికయే ఆయనను గెలిపించినదా? కాదు. అప్పటి ప్రభుత్వముమీద ప్రజలకు విసుగు కలదు; నటుడుగా ఆయన ముఖము ప్రతి పల్లెకు పరిచితము. పత్రిక నిప్పు పుట్టించలేదు; ఉన్న నిప్పుకు గాలి విసరెను. ఆఱేండ్లు గడవగా, 1989 ఎన్నికలలో అదే పక్షము ఓడినది. కావున ఓటరును కీలుబొమ్మ యనుకొనుట తప్పు. పత్రికను నిమిత్తమాత్రమనుకొనుటయు తప్పే.

ఈ రెండింటి నడుమనున్న సత్యమును చక్కగా చూపినది 1992 నాటి సారా వ్యతిరేకోద్యమము.

నాడు సారా దుకాణములను ప్రభుత్వము వేలము వేయుచుండెను. సారా పొట్లములు ఊరిలోనికే, కొన్నిచోట్ల కొంపలోనికే వచ్చెడివి. కూలి డబ్బు సారాకు పోవుట, పిల్లలు పస్తుండుట, దెబ్బలు తినుట, ఇవి స్త్రీలకు నిత్యకృత్యములు. ఇది ఎవరికిని వార్తగా తోచలేదు. నిత్యము జరుగునది వార్త యగునా? పొరుగున నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమము నడచినది. రాత్రి బడులలో వయోజన స్త్రీలు అక్షరములు నేర్చికొనిరి. వారి వాచకమున, స్త్రీలు ఏకమై సారా దుకాణమును మూయించిన కథ యొకటి యుండెను. దూబగుంట గ్రామపు స్త్రీలు దానిని చదివి, మనమేల అట్లు చేయరాదని లేచిరి. వర్ధినేని రోశమ్మగారి పేరు అప్పుడు వెలుగునకు వచ్చినది. సారా దుకాణములు మూతబడినవి. నెల్లూరులో సారా వేలము జరుగనీయక స్త్రీలు అడ్డుపడిరి. అధికారులు మఱల మఱల వాయిదా వేయవలసి వచ్చినది.

అప్పుడు ఈనాడు పత్రిక సారాపై సమరము అను పేర దినదినమును ఒక పుట కేటాయించి, ఏ యూరిలో ఏమి జరిగినది ప్రకటించినది. తక్కిన పత్రికలును వ్రాసినవి. ఒక యూరి స్త్రీలు చేసిన పని మఱొక యూరివారికి తెల్లవాఱునప్పటికి తెలియుచుండెను. మనము ఒంటరివారము కాము అను ధైర్యము కలిగెను. నెల్లూరునుండి ఉద్యమము మన చిత్తూరు జిల్లాకును, కడప, కర్నూలు, అనంతపురములకును, పిమ్మట రాష్ట్రమంతటికిని వ్యాపించినది. చదువురాని తల్లులు బిడ్డలచేత పత్రిక చదివించుకొని వినిరి. ప్రభుత్వము 1993 ఏప్రిలులో నెల్లూరు జిల్లాలోను, అక్టోబరు 1వ తేదీన రాష్ట్రమంతటను సారాను నిషేధించెను. 1994 ఎన్నికలలో సంపూర్ణ మద్యనిషేధము ముఖ్యమైన వాగ్దానమయ్యెను. అధికారమునకు వచ్చిన రామారావుగారి ప్రభుత్వము 1995 జనవరిలో దానిని అమలుపఱచెను. అయితే 1997లో ఆ నిషేధము సడలింపబడినది. అప్పుడు 1992 నాటి యుద్యమము వంటిది మఱల లేవలేదు.

ఇందు పత్రిక పాలెంత? మొదటి అడుగు పత్రికది కాదు, దూబగుంట తల్లులది. రెండవ అడుగు, అనగా ఒక యూరి గోడును నూఱూళ్ల గోడుగా చేయుట, పత్రికది. మూడవ అడుగు, ఆ గోడును ఓటుగా మార్చుట, మఱల ప్రజలది. నాలుగవది, గెలిచిన దానిని కాపాడుకొనుట. అది ఎవరును పూనుకొనలేదు. పత్రిక దీపమును ఒకచోట నిలిపినప్పుడు అచ్చటి సంగతులు కానవచ్చును. దీపము కదలినంతనే అచ్చట చీకటి. చీకటి పడినంత మాత్రమున ఆ సంగతి లేకుండ పోవునా? ఏమి తలంపవలెనో పత్రిక మనకు నేర్పలేకపోవచ్చును. దేనిని గుఱించి తలంపవలెనో మాత్రము అదియే తఱచు నిర్ణయించును. దాని నిజమైన బలము అందున్నది.

దోషములను గూడ దాచరాదు. నా చిన్ననాట ఒక పత్రికలో, దాని పేరు చెప్పను, మా యూర వాంతిభేది వ్యాపించినదని వార్త వచ్చినది. నిజమునకు ఒక్క యింట ఇద్దఱు పిల్లలకు వంటబడని తిండి వలన జబ్బుచేసినది. రెండు దినములలో లేచి తిరుగసాగిరి. కాని ఆ వారము మా సంతకు బేరగాండ్రు రాలేదు. తరువాతి వారమును రాలేదు. అప్పు తీర్చుటకు ఎద్దుల నమ్మజూపినవారు వానిని మఱల ఇంటికి తోలుకొనిపోయిరి. కొన్నాళ్లకు ఆ పత్రిక లోపలి పుటలో రెండు పంక్తుల సవరణ వేసినది. మొదటి వార్తను చదివినవారు నూఱుగురు. సవరణను చూచినవారు మా కరణముగారొక్కరే. అచ్చుపడిన అబద్ధము పరుగెత్తును. దాని సవరణ కుంటుచు వచ్చును.

ఇంతకంటె పెద్ద దోషమును కలదు. 2009 ఎన్నికలలో అభ్యర్థులనుండి సొమ్ము పుచ్చుకొని ప్రకటనలను వార్తలుగా అచ్చువేసిరను ఆరోపణలు మన రాష్ట్రముననే బలముగా వినవచ్చినవి. 2010లో ప్రెస్ కౌన్సిలు ఉపసంఘము దానిని విచారించి నివేదిక వ్రాసినది. 2008లో రాజకీయ కుటుంబమువారే స్థాపించిన సాక్షి దినపత్రిక ఒక్కదినమున 23 చోట్ల వెలువడెను. అప్పటినుండి ఒకే సంగతికి రెండు పత్రికలలో రెండు రూపములు కానవచ్చుట మీరు ఎఱిగినదే. కొందఱు దీనిని చూచి విచారింతురు. నేను పూర్తిగా విచారింపను. పక్షము బయటపడిన పత్రిక, పక్షము దాచిన పత్రికకంటె తక్కువ ప్రమాదకరము. నేడు చేతి ఫోనులలో వచ్చు వార్తకు సంపాదకుని పేరు లేదు, అచ్చుకూటపు చిరునామా లేదు. తప్పు పడినచో రెండు పంక్తుల సవరణయైనను వేయువాడు లేడు.

పెద్దలారా, ఊరి మాటను తీర్చిదిద్దువారు మీరు. పిల్లవాడు చదువును; తల యూపుట, ఊపకుండుట మీ వంతు. కావున వార్త విన్నప్పుడెల్ల మూడు ప్రశ్నలు అడుగుడని నా మనవి. ఇది చూచినవాడు ఎవడు? దీనివలన లాభమెవరికి? ఎదుటివాడు ఏమనుచున్నాడు? ఈ మూడును తగవులు తీర్చునప్పుడు మీరు అనాదిగా అడుగుచున్నవే. నేను కొత్తగా నేర్పుచున్నవి కావు. చేని గట్టు తగవుకు చూపు జాగ్రత్తను రాజ్యపు తగవుకు గూడ చూపుడు. ఇంకొక్క మాట. మీ యూర నిత్యము జరుగుచు ఎవరికిని వార్తగా తోచని కష్టమేదైన నున్నచో, దానిని వ్రాసి పంపుడు, పంపించుడు. దూబగుంట తల్లులు లేవకమునుపు సారా గోడు కూడ ఎవరికిని వార్త కాదు.

ధాత కఱవున మన ముత్తాతలకు ఓటు లేదు. వారి యాకలి వార్త యగుటకు పరభాషలోని పత్రిక పూనుకొనవలసి వచ్చినది. నేడు మనకు రెండును కలవు. వానిని పోగొట్టుకొనకుండుట మన చేతిలోని పని.